బుర్ర లేక కాదు, మాట అందక

పోయిన నెల మన కుటుంబం వాట్సాప్ గ్రూపులో జరిగిన సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు. మా మేనకోడలికి ఇంజనీరింగు మొదటి ఇంటర్నల్స్‌లో మూడు సబ్జెక్టుల్లో మార్కులు బాగా తగ్గాయి. అక్క బాధ ఆపుకోలేక నాలుగు ముక్కలు రాసింది. దానికి ఒక పెద్దాయన ఇచ్చిన జవాబు ఇది: "కన్నడ మీడియం పిల్లని ఇంజనీరింగులో వేయొద్దని ఆనాడే చెప్పా. ఆ బుర్రకి అది ఎక్కదు. తీసుకొచ్చి డిగ్రీలో వేసెయ్యండి." దాని కింద ఏడుగురు బొటనవేలు గుర్తు పెట్టారు.

పెద్దాయనంటే నాకు గౌరవం ఉంది. మా నాన్న పోయినప్పుడు పదకొండు రోజులూ మా ఇంట్లోనే ఉండి అన్నీ చూసుకున్న మనిషి. అందుకే ఆ రాత్రి గ్రూపులో ఏమీ రాయలేదు. కానీ ఊరుకుంటే కూడా తప్పే. ఎందుకంటే ఆయన చెప్పిన ఆ "కన్నడ మీడియం బుర్ర" 2008లో నాది. ఇప్పుడు మా మేనకోడలు ఎక్కడ నిలబడి ఉందో నేను అక్కడే నిలబడ్డాను. పైగా "డిగ్రీలో వేసెయ్యండి" అంటే మన ఇళ్ళల్లో అర్థం ఏంటో అందరికీ తెలుసు. ఆడపిల్లకి అది చదువు మార్చడం కాదు, సంబంధం కుదిరేదాకా కాలక్షేపం. కాబట్టి ఈ విషయం మార్కుల దగ్గర ఆగదు.

మా సంగతి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. తుంగభద్ర డ్యాము 1953లో వచ్చాక ఎడమ కాలువ కింద భూములు చౌకగా దొరుకుతున్నాయని పశ్చిమ గోదావరి నుంచి తాతయ్య వాళ్ళు సింధనూరు వైపు వచ్చారు. అలా వచ్చిన వాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే ఇప్పటికీ క్యాంపులంటారు. మా క్యాంపులో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఉన్నది ఒక్కటే ప్రభుత్వ బడి, అది కన్నడ మీడియం. నేను పదో తరగతి దాకా అన్నీ కన్నడలోనే చదివాను. తెలుగు అక్షరాలు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవి. అందుకని నా తెలుగులో అక్కడక్కడా కన్నడ తగిలితే సర్దుకుపోండి.

ఎస్సెస్సెల్సీలో సైన్సులో మంచి మార్కులే వచ్చాయి. త్వరణాన్ని మేము వేగోత్కర్ష అనేవాళ్ళం. పీడనం మాకు ఒత్తడ, నిరోధం రోధ. ఆ మాటలు వింటే బొమ్మ కళ్ళ ముందు కనబడేది. పీయూసీలో సైన్సు మొత్తం ఒక్కసారిగా ఇంగ్లీషుకి మారింది. అక్కడే మొదటి దెబ్బ తగలాలి. కానీ తగల్లేదు, ఎందుకో తర్వాత తెలిసింది. పీయూసీ పరీక్షకి గైడు బట్టీ పట్టాను. సీఈటీలో ఎటూ గుండ్రాలు నింపడమే కదా. లెక్క చేసి సరైన గుండ్రం నింపితే చాలు, ఇంగ్లీషులో ఒక్క వాక్యం సొంతంగా రాయక్కర్లేదు. అలా సొంత వాక్యం ఒక్కటి కూడా రాయడం రాకుండా నేను ఇంజనీరింగు కాలేజీ గేటు దాటాను. నాలాంటి వాళ్ళు ఏటా వేలమంది దాటుతున్నారు.

లోపల సంగతి వేరు. మా రోజుల్లో వీటీయూ పరీక్ష అంటే సబ్జెక్టుకి 100 మార్కులు, ఇంటర్నల్స్ 25. మూడు గంటల్లో ఐదు పూర్తి ప్రశ్నలకి జవాబు రాయాలి. నిర్వచనం రాయాలి, బొమ్మ వేయాలి, సిద్ధాంతం రుజువు చేయాలి, ఎందుకో వివరించాలి. మొదటి ఏడాది ఫిజిక్స్ సైకిల్, కెమిస్ట్రీ సైకిల్ అని రెండు భాగాలు. నాకు ముందు ఫిజిక్స్ సైకిల్ పడింది. లెక్కలు, ఫిజిక్స్, బేసిక్ ఎలక్ట్రికల్, ఎలిమెంట్స్ ఆఫ్ మెకానికల్, సివిల్‌తో కలిపి ఇంజనీరింగ్ మెకానిక్స్. లెక్కల్లో బతికిపోయాను, ఎందుకంటే అక్కడ మాటలు తక్కువ. మిగతా వాటిలో మునిగాను.

ఒకరోజు మెకానిక్స్ క్లాసులో లెక్చరర్ నన్ను లేపి వారిగ్నాన్ సిద్ధాంతం చెప్పమన్నారు. కొన్ని బలాలన్నీ కలిసి ఒక బిందువు చుట్టూ ఎంత తిప్పుతాయో, వాటి బదులు పెట్టిన ఒక్క ఫలిత బలం కూడా అంతే తిప్పుతుంది. విషయం ఇంతే. నాకు తెలుసు. ముందురోజు రాత్రి లెక్క కూడా చేశాను. నోరు తెరిస్తే "సర్, ద మూమెంట్..." దగ్గర ఆగిపోయింది. రెండో మాట రాలేదు. ఆయన కొంచెంసేపు చూసి "కన్నడ మీడియమా?" అని అడిగారు. అవునన్నాను. "అదీ సంగతి" అన్నారు. క్లాసు నవ్వింది. ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు. అరవైమంది క్లాసులో సిలబస్ పరుగెత్తించాల్సిన మనిషి. కానీ ఆ రోజు నుంచి ఆ సెమిస్టరు అయిపోయేదాకా నేను చివరి బెంచీలోనే కూర్చున్నాను. ఫలితాలు వచ్చాయి, రెండు సబ్జెక్టులు పోయాయి. మెకానిక్స్, ఎలక్ట్రికల్.

ఇంట్లో చెప్పలేదు. తాతయ్యే ఎలాగో కనిపెట్టి బియ్యం మూట వంకతో బస్సెక్కి హాస్టలుకి వచ్చాడు. తిట్టలేదు. "అసలక్కడ ఏం చెబుతున్నార్రా?" అని అడిగాడు. ఈయనకి ఏం చెప్పాలి అనుకుంటూనే మొదలుపెట్టాను. బలం, ఆ బలం పనిచేసే రేఖకి తిరిగే బిందువు నుంచి ఉన్న లంబ దూరం, రెండూ గుణిస్తే మూమెంట్ అని. తాతయ్య కాసేపు ఆలోచించి, "అంటే గునపంతో బండ లేపేటప్పుడు చివర పట్టుకుంటే తేలిక, మధ్యలో పట్టుకుంటే బరువు. అంతేనా?" అన్నాడు. అంతే. నేను రెండు నెలలు ఇంగ్లీషులో చదివి ఒక్క వాక్యం చెప్పలేనిదాన్ని, నిశానీ వేసే మనిషి ఒక్క నిమిషంలో పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఎలక్ట్రికల్ కూడా తీశాను. కిర్కాఫ్ నియమం: ఒక కూడలిలోకి ఎంత కరెంటు వస్తుందో అంతే బయటికి పోతుంది. కాలువ పక్కన పుట్టిన వాడికి ఇది చెప్పాలా? పెద్ద కాలువలోంచి వచ్చిన నీళ్ళు రెండు పిల్లకాలువల్లోకి చీలితే, ఆ రెండింటి నీళ్ళూ కలిపితే వచ్చినదే అవ్వాలి. ఇక లైను చివర ఉన్న పొలంలో ఓల్టేజీ చాలక మోటారు ఎందుకు తిరగదో మన వాళ్ళకి పుస్తకం అక్కర్లేదు. తీగ పొడుగు పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది, దారిలోనే ఓల్టేజీ పడిపోతుంది. నాకు ఇవన్నీ ముందే తెలుసు. తెలిసినదానికీ, పరీక్ష పేపరుకీ మధ్య దారి లేదు, అంతే.

మర్నాడు తాతయ్యని బస్సెక్కించి వచ్చి ఒక నోట్‌బుక్కులో మూడు గీతలు గీశాను. మొదటి వరుసలో ఇంగ్లీషు పదం, రెండో వరుసలో బడిలో చదివిన కన్నడ పదం, మూడో వరుసలో మా క్యాంపులో దాన్ని ఏమంటామో, లేక దేనిలా ఉంటుందో. ప్రతి రాత్రి ఒక టాపిక్ ముందు తెలుగులోనో కన్నడలోనో నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. అది అయ్యాక పుస్తకం మూసి ఇంగ్లీషులో ఒక పేజీ రాసేవాణ్ణి. మొదట్లో ఆ పేజీ నిండా తప్పులే. నాలుగో నెలకి తప్పులున్నా జవాబు జవాబులా ఉండేది. పోయిన రెండు సబ్జెక్టులూ తర్వాతి పరీక్షల్లో పాసయ్యాను. ఇందులో గొప్ప ఏమీ లేదు. కన్నడ మీడియం సీనియర్లని తర్వాత అడిగితే, చాలామంది ఏదో ఒక రూపంలో ఇదే పని చేశారు. ఎవరికి వాళ్ళు, రహస్యంగా, సిగ్గుపడుతూ చేశారు. నన్ను బాధించేది ఆ రహస్యమే.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

నేను పదేళ్ళ పైగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏదైనా పని చేయకపోతే "ఇది పనికిరాదు" అని రాసి పంపకూడదు. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ మెట్టు దగ్గర ఆగింది, ఇవన్నీ చూసి రాయాలి. అలా చూడకుండా వాడేవాడి మీద తోసేస్తే లోపం అక్కడే ఉండిపోతుంది, రేపు ఇంకొకడికి తగులుతుంది. "ఆ బుర్రకి ఎక్కదు" అన్న మాట అచ్చం అలాంటి రిపోర్టు. పిల్ల ఎక్కడ ఆగిందో ఎవరూ చూడలేదు. నేను పోయిన ఆదివారం ఫోనులో గంటసేపు చూశాను. లెక్కలు చేస్తోంది. బొమ్మలు వేస్తోంది. కన్నడలో అడిగితే ఎందుకో చెబుతోంది. ఇంగ్లీషులో రెండు మార్కుల నిర్వచనం రాయమంటే పెన్ను ఆగిపోతోంది. ఆగిన మెట్టు అది.

ఇందులో ప్రభుత్వం తప్పు కూడా ఉంది. ఒకటి నుంచి పది దాకా కన్నడ మీడియంలో చదివిన వాళ్ళకి కర్ణాటకలో ఇంజనీరింగు సీట్లలో 5 శాతం రిజర్వేషన్ ఉంది. పల్లెటూళ్ళో చదివిన వాళ్ళకి 15 శాతం. మా రాయచూరు వైపు వాళ్ళకి 371(జె) కింద ఈ ప్రాంతపు కాలేజీల్లో 70 శాతం సీట్లు కేటాయింపు. అది 2013లో వచ్చింది, నా కాలానికి లేదు. మా అక్క ఆ సర్టిఫికెట్ల కోసం హెడ్‌మాస్టరు సంతకానికీ, బీఈఓ సంతకానికీ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. అంటే కన్నడ మీడియం పిల్లలకి కష్టం ఉందని ప్రభుత్వమే గేటు దగ్గర ఒప్పుకుంటోంది. గేటు దాటిన మర్నాటి నుంచి ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఏఐసీటీఈ లెక్క ప్రకారం కొత్తగా చేరిన వాళ్ళకి మూడు వారాల ఇండక్షన్ పెట్టాలి. ఆ మూడు వారాల్లో రోజుకి ఒక గంట, ఇలాంటి పిల్లలకి పదాల పరిచయం చేసి జవాబు ఎలా రాయాలో నేర్పితే ఎంత ఖర్చు? సీటు ఇచ్చి భాష ఇవ్వకపోవడమంటే కాలువ తవ్వి తూము పెట్టకపోవడం లాంటిది.

"మరి కన్నడలోనే ఇంజనీరింగు చెప్పొచ్చు కదా" అని కొందరు అంటారు. 2021లో ఏఐసీటీఈ కన్నడ, తెలుగు, తమిళం, మరాఠీతో సహా ఎనిమిది భాషల్లో ఇంజనీరింగు చెప్పడానికి అనుమతి ఇచ్చింది. తమిళనాడులో అన్నా యూనివర్సిటీ 2010లోనే సివిల్, మెకానికల్ తమిళంలో మొదలుపెట్టింది. మంచి ప్రయత్నమే. కానీ మా అక్కని అడిగితే "ఉద్యోగం ఎవడిస్తాడు?" అంటుంది. ఆ భయం తప్పని నేను చెప్పలేను. నేను రోజంతా రాసేది ఇంగ్లీషులోనే, మీటింగుల్లో మాట్లాడేది ఇంగ్లీషులోనే. నా దృష్టిలో మధ్యదారి ఒకటుంది: పరీక్ష ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, మొదటి ఏడాది క్లాసులో మాత్రం ముందు కన్నడలో వివరించి తర్వాత ఇంగ్లీషులో చెప్పండి. మంచి లెక్చరర్లు కొందరు ఇప్పటికే ల్యాబుల్లో ఇలా చేస్తున్నారు. అది తప్పు చేసినట్టు గొంతు తగ్గించి చేయాల్సిన పని కాకూడదు.

ఇంకో వాదన మన ఇళ్ళల్లో గట్టిగా వినిపిస్తుంది. "అందుకే చిన్నప్పుడే ఇంగ్లీషు మీడియంలో వేయాలి." మా చెల్లెలి కొడుకుని వచ్చే ఏడాది కన్నడ బడి నుంచి తీసేస్తారట, అక్క కూతురి మార్కులు చూసి. వద్దని నా మాట. నా హాస్టల్ గదిలో ఉన్నవాడు బెంగళూరులో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. వారిగ్నాన్ సిద్ధాంతాన్ని తడుముకోకుండా గడగడా చెప్పేవాడు. లెక్క ఇస్తే ఏ బలం ఎటు తిప్పుతుందో తెలిసేది కాదు. పరీక్షలకి ముందు నేను వాడికి కన్నడలో లెక్కలు చెప్పేవాణ్ణి, వాడు నా ఇంగ్లీషు దిద్దేవాడు. ఇద్దరికీ చెరో సగం లేదు. తేడా ఏంటంటే, వాణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు. ఇంగ్లీషుని ఒక సబ్జెక్టుగా బాగా నేర్పించండి, రోజూ ఒక పేజీ రాయించండి, ఖర్చు పెట్టండి. కానీ ఆరేళ్ళ పిల్లవాడికి లోకం అర్థమయ్యే భాషని తీసేస్తే, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవడానికి వాడి దగ్గర ఏం ఉంటుంది?

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ కళ్ళ ముందే ఉంది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాము 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ వారం మా క్యాంపులో నిద్ర లేదు. గేటు నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, మన తెలుగువారే, ఆ వయసులో దగ్గరుండి స్టాప్‌లాగ్ దింపించి నీళ్ళు నిలబెట్టారు. అప్పుడు టీ హోటలు ముందు మనవాళ్ళు మాట్లాడుకున్న మాటలు గుర్తున్నాయా? నీటి ఒత్తిడి ఎంత, ఇంత ఇనుప పలకని ప్రవాహంలో ఎలా దింపుతారు, గొలుసు ఎందుకు తెగింది. బడి మెట్లెక్కని వాళ్ళు కూడా మెకానిక్స్ మాట్లాడారు. అదే సంగతి మా మేనకోడలు ఇంగ్లీషులో చెప్పలేకపోతే మాత్రం బుర్ర లేదంటున్నాం.

విశ్వేశ్వరయ్య గారి పేరు ఎత్తకుండా మన ఇళ్ళల్లో ఇంజనీరింగు మాట పూర్తవదు. మోక్షగుండం నుంచి ముద్దేనహళ్ళి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఆయనది, నేను చదివిన యూనివర్సిటీ పేరు కూడా ఆయనదే. సెప్టెంబరు 15న ఆయన బొమ్మ గ్రూపులో అందరూ పెడతారు. పెట్టండి. కానీ ఆయన చిక్కబళ్ళాపురంలో చదువుకుని, బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ చేసి, తర్వాతే పుణే వెళ్ళి ఇంజనీరు అయ్యారని కూడా పిల్లలకి చెప్పండి. మెట్టు మెట్టూ ఎక్కారు. మన పిల్లకి మొదటి మెట్టు దగ్గరే తీర్పు ఇచ్చేస్తే ఎలా?

ఒక నిజం దాచకూడదు. ఆ రెండు బ్యాక్‌లాగ్‌లు నాకు ఖరీదయ్యాయి. మొదటి ఏడాది మార్కులు తగ్గడం వల్ల నా మొత్తం 60 శాతం దాటలేదు, క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు చాలావాటిలో కూర్చోనివ్వలేదు. బెంగళూరులో మూడు నెలలు టెస్టింగ్ కోర్సు చేసి, ఇంకో ఏడు నెలలు తిరిగాక మొదటి ఉద్యోగం దొరికింది. కాబట్టి "అదే సర్దుకుంటుంది" అని మా అక్కకి చెప్పను. సర్దుకోదు. ఇప్పుడే, ఈ సెమిస్టరులోనే, ఎవరో ఒకరు పట్టుకోవాలి.

అందుకని మన కుటుంబాల వాళ్ళకి నా మనవి ఇది. మొదటి ఏడాది పిల్లలకి ఫోను చేసినప్పుడు మార్కులు అడగకండి. "ఈ వారం ఏం చెప్పారు, నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు, చెబుతున్న వాళ్ళకి అర్థమవుతుంది. ఒకటి రెండు సబ్జెక్టులు పోగానే ఇంటికి పిలిపించకండి. ఎన్ని బ్యాక్‌లాగ్‌ల దాకా పై ఏడాదికి వెళ్ళొచ్చో ముందు కాలేజీలో కనుక్కోండి. మా కాలంలో నాలుగు దాకా వెళ్ళొచ్చు. ఆ సంగతి తెలియక మానేసిన వాళ్ళు మా క్యాంపులోనే ఇద్దరున్నారు. ఒకడు ఇప్పుడు ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ కలిసినప్పుడల్లా "ఇంకో ఆర్నెల్లు ఉండుంటే" అంటాడు.

మన కుటుంబంలో ఇంజనీరింగు చదివిన వాళ్ళం ఆరుగురం ఉన్నాం. అందులో నలుగురం కన్నడ మీడియం వాళ్ళం, బయటికి చెప్పుకోకపోయినా. వారానికి ఒక్కొక్కరం ఒక గంట ఇస్తే ఈ పిల్లకి చాలు, తర్వాత వచ్చే వాళ్ళకీ చాలు. నా గంట ఆదివారం ఉదయం తొమ్మిదికి. మిగతా ఐదుగురు మీ మీ రోజు చెప్పండి.

పెద్దాయనకి ఫోను చేసి నేనే మాట్లాడతాను. ఒకటే అడుగుతాను: ఒక సాయంత్రం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కిర్కాఫ్ నియమం చెప్పించుకోండి. నలభై ఏళ్ళు కాలువ నీళ్ళు పంచిన మనిషి మీరు. దానికి బుర్ర ఉందో లేదో అప్పుడు మీరే చెప్పండి.